ప్రతి లేని కృతి: స్టూడియో అమ్మకం, ఆన్‌లైన్ ఆటగాళ్ల ఆందోళన – పఠన దృష్టితో ఒక పరిశీలన

ఐస్‌లాండ్ రాజధాని రేక్యావిక్‌లోని సీసీపీ గేమ్స్ సంస్థను దక్షిణ కొరియాకు చెందిన పెర్ల్ అబిస్ సంస్థ కొనుగోలు చేస్తున్నట్లు 2018 సెప్టెంబరు 6న ప్రకటన వెలువడింది. ఒప్పందం విలువ 42.5 కోట్ల డాలర్లు. అందులో 22.5 కోట్లు ముందుగా చెల్లించవలసినవి. మిగిలిన 20 కోట్లు ఆ తరువాత సంస్థ సాధించే ఫలితాలను బట్టి చెల్లించవలసినవి. సీసీపీ ప్రధాన సృష్టి 'ఈవ్ ఆన్‌లైన్' అనే అంతరిక్ష క్రీడాలోకం. 2003 మే నెలలో ఆరంభమైన ఆ లోకంలో పదిహేనేళ్లుగా మసలుతున్న ఆటగాళ్లు ఈ వార్త విని కలవరపడ్డారు. కొన్న సంస్థ చేతిలో అప్పటికే ఉన్న 'బ్లాక్ డెజర్ట్' అనే ఆటకు, డబ్బు పెట్టి బలం కొనుక్కునే ఆట అన్న అపకీర్తి ఉంది. ఆ పద్ధతి ఇక్కడికీ వస్తుందా? లాభం తగ్గిననాడు ఈ లోకాన్ని మూసివేస్తారా? ఇంతకాలం తాము నిర్మించుకున్నది ఎవరి వశమవుతుంది? స్టూడియో చేతులు మారిన ప్రతి సందర్భంలోనూ దాదాపు ఇవే ప్రశ్నలు వినిపిస్తాయి.

ఈ ఆందోళనను సాధారణంగా వినియోగదారుల ఫిర్యాదుగా, ధరల సమస్యగా చూస్తారు. ఆ కోణం అవసరమే గాని సాహిత్య విద్యార్థికి అది సరిపోదు. ఒక పాఠం భవిష్యత్తు గురించి దాని పాఠకులే ఇంతగా కలత చెందడం సాహిత్య చరిత్రలో అరుదైన విషయం. వారి భయాన్ని ఒక పఠన వ్యాపారంగా తీసుకొని, అది దేనిని సరిగా చదివింది, దేనిని తప్పు చదివింది అని విచారించడం ఈ వ్యాసం ఉద్దేశం. అమ్మకపు ప్రకటనను ఆటగాళ్లు చదివిన తీరు సహృదయ పఠనమేనని, అయితే భయానికి కారణాన్ని కొత్త యజమాని స్వభావంలో వెదకడం పొరపాటని నా ప్రతిపాదన. ఆ కారణం అమ్మకానికి ముందే, ఆట పుట్టిన తొలినాటి నుండే ఉంది: ఆ కృతికి పాఠకుని వద్ద ప్రతి లేదు.

పాఠం అనడం ఎంతవరకు చెల్లుతుంది?

ఆన్‌లైన్ ఆటను పాఠమని పిలవడం కేవలం అలంకారమా అన్న సందేహం సహజం. ఒక ఉదాహరణతో పరిశీలించవచ్చు. చైనాకు వేరే సర్వర్ ఉన్నా, మిగిలిన ప్రపంచంలోని 'ఈవ్' ఆటగాళ్లందరూ ఒకే సర్వర్‌లో, ఒకే విశ్వంలో ఉంటారు. అందువల్ల అక్కడ జరిగినది అందరికీ ఒకేసారి జరుగుతుంది, ఒకేసారి చరిత్ర అవుతుంది. 2014 జనవరి 27న 'బి-ఆర్5ఆర్‌బి' అనే నక్షత్ర మండలంలో ఒక కూటమి తన ఆధిపత్యానికి కట్టవలసిన రుసుము సకాలంలో చెల్లలేదు. ఆ చిన్న లోపాన్ని పట్టుకొని శత్రుకూటములు కమ్ముకున్నాయి. సుమారు 21 గంటల పాటు సాగిన యుద్ధంలో 7,500 మందికి పైగా ఆటగాళ్లు పాల్గొన్నారు. ఆ ఆటలో అత్యంత భారీ నౌకలైన టైటాన్లు 75 నాశనమయ్యాయి. నష్టం విలువ సుమారు మూడు లక్షల డాలర్లని అంచనా వేశారు.

ఈ యుద్ధాన్ని ఏ రచయితా రాయలేదు. సంస్థ రాసినది నియమాలు మాత్రమే. రుసుము చెల్లకపోతే ఆధిపత్యం పోతుందన్నది ఆ నియమాల్లో ఒకటి. కథను నడిపినది ఆటగాళ్ల వైరాలు, మైత్రులు, ఏమరుపాటు. సంస్థ ఆ తరువాత ఆ ప్రదేశంలో నౌకా శకలాలను స్మారకంగా నిలిపింది. అంటే పాఠకులు సృష్టించిన ఘట్టాన్ని మూలకర్త తన పాఠంలోకి స్వీకరించాడన్న మాట. ప్రక్షిప్తాలు మూలంలో కలిసిపోవడం మన పాఠ పరిష్కర్తలకు తలనొప్పి. ఈ లోకంలో ప్రక్షిప్తమే కథాశరీరం, మూలమనదగినది వ్యాకరణం వంటిది. కాబట్టి స్టూడియోను అమ్మినప్పుడు అమ్ముడుపోయేది వ్యాకరణమే అయినా, ఆ వ్యాకరణంలో వేలమంది పలికిన వాక్యాలన్నీ దానితో పాటే చేతులు మారుతాయి. వాటికి ధర కట్టినవారు లేరు, వాటి కర్తలను సమ్మతి అడిగినవారూ లేరు.

ప్రకటనను చదివిన తీరు

స్టూడియో అమ్మకపు ప్రకటన నేడు ఒక ప్రత్యేక రచనా ప్రక్రియగా స్థిరపడింది. దానికి లక్షణాలు చెప్పవచ్చు. స్టూడియో స్వతంత్రంగానే పనిచేస్తుంది, అదే బృందం ఉంటుంది, ఆట దిశ మారదు, కొత్త బలం చేకూరుతుంది, ఆటగాళ్లకు కృతజ్ఞతలు – ఈ అంశాలు దాదాపు ఇదే వరుసలో వస్తాయి. సీసీపీ విషయంలోనూ, రేక్యావిక్, లండన్, షాంఘై స్టూడియోలతో సంస్థ స్వతంత్రంగా కొనసాగుతుందనే చెప్పారు. వాచ్యార్థంలో ఇది అభయం.

ఆటగాళ్లకు మాత్రం ఇందులో భయం వినిపించింది. వారిది వట్టి అపనమ్మకమని కొట్టివేయడం సులభమే. కాని విధిరూపమైన వాచ్యం నుండి నిషేధరూపమైన వ్యంగ్యం వెలువడే తీరును ఆనందవర్ధనుడు ధ్వన్యాలోకం ప్రథమోద్యోతంలోనే చర్చించాడు. మమ్మటుడు వ్యంజనకు హేతువులుగా వక్త, బోద్ధవ్యుడు, కాకువు, అన్యసన్నిధి, ప్రస్తావం, దేశకాలాలు మొదలైనవాటి వైశిష్ట్యాన్ని పేర్కొన్నాడు. ఈ పట్టికను అమ్మకపు ప్రకటనకు అన్వయిస్తే ఆటగాళ్ల పఠనం ఎంత శాస్త్రీయమో తెలుస్తుంది.

మొదట వక్త. 'మార్పు ఉండదు' అంటున్నది అమ్మినవాడు. మార్చే అధికారాన్ని ఆ రోజే వదులుకున్నవాడు మార్చనని మాట ఇస్తున్నాడు. ఆ మాటలోని నిజాయితీని శంకించనక్కరలేదు. దానికి శక్తి లేకపోవడమే వ్యంగ్యానికి మూలం. తరువాత అన్యసన్నిధి. ప్రకటన ఆటగాళ్లను సంబోధిస్తున్నట్లు కనిపించినా, కొన్నవారు, వారి వాటాదారులు కూడా వింటున్న మాట అది. మూడోవ్యక్తి వింటుండగా పలికిన మాటకు రెండర్థాలుంటాయని కావ్యాల్లో దూతికావాక్యాలు చదివినవారికి వేరే చెప్పాలా? ఇక ప్రస్తావం: ధరలో దాదాపు సగం భావి ఫలితాలతో ముడిపడి ఉన్న ఒప్పందం అది. మార్పు లేకుండానే ఫలితాలు పెరగాలన్న నిబంధనలో ఉన్న వైరుధ్యాన్ని ఎత్తిచూపడానికి ఆర్థిక శాస్త్రజ్ఞుడు అక్కరలేదు.

ఇంతవరకు ఆటగాళ్లు మంచి పాఠకులు. వ్యంగ్యాన్ని పట్టుకున్నారు. దాని ఆశ్రయాన్ని గుర్తించే దగ్గర మాత్రం దారి తప్పారనిపిస్తుంది. భయమంతా కొన్నవారి జాతీయత చుట్టూ, వారి పాత ఆటల చుట్టూ తిరిగింది. 'ఈవ్' చరిత్రే దీనిని ఖండిస్తుంది. 2011 జూన్‌లో, పెర్ల్ అబిస్‌కు అమ్మకం జరగక మునుపే, ఆటలోకి అలంకార వస్తువుల దుకాణం వచ్చింది. అందులో ఒక కంటి అద్దం ధర అరవై డాలర్లకు పైబడింది. అత్యాశ మంచిదేనా అని చర్చించిన సంస్థ అంతర్గత పత్రిక కూడా అదే సమయంలో బయటపడింది. ఆటగాళ్లు ఆటలోని ప్రధాన వాణిజ్య కేంద్రమైన జితాలో గుమికూడి అక్కడి స్మారక స్తంభంపై కాల్పులు జరిపారు. 2008 నుండి ఎన్నికవుతున్న ఆటగాళ్ల ప్రతినిధి మండలిని సంస్థ హడావుడిగా రేక్యావిక్‌కు పిలిపించి మాట్లాడవలసి వచ్చింది. స్వదేశీ యజమాని, సొంత బృందం, ఎన్నికైన మండలి – ఇవన్నీ ఉన్నప్పుడే అంత కల్లోలం జరిగింది. 2022 మేలో నెలసరి చందా 14.95 డాలర్ల నుండి 19.99 డాలర్లకు పెరిగినప్పుడు చాలామంది 2018 నాటి తమ భయం నిజమైందన్నారు. కాలక్రమాన్నే కార్యకారణ సంబంధంగా చదవడం తొందరపాటు.

సిటీ ఆఫ్ హీరోస్: అమ్మకం ఇచ్చినది, మూసివేత తీసుకున్నది

అమ్మకాన్ని, అంతాన్ని విడదీసి చూడటానికి 'సిటీ ఆఫ్ హీరోస్' అంత మంచి ఉదాహరణ మరొకటి లేదు. 2004 ఏప్రిల్‌లో అమెరికాలో ఆరంభమైన ఈ ఆటను తయారుచేసినది క్రిప్టిక్ స్టూడియోస్, ప్రచురించినది కొరియాకు చెందిన ఎన్‌సీసాఫ్ట్. పారగాన్ సిటీ అనే కల్పిత నగరంలో ఆటగాడు తన వీరుణ్ణి ఆపాదమస్తకం తానే రూపొందించుకుంటాడు. ఆ పాత్రకు పూర్వకథ రాసుకోవడానికి సుమారు వెయ్యి అక్షరాల చోటు ఉండేది. రాసినందువల్ల బలం పెరగదు, రాయకపోతే తగ్గదు. అయినా వేలమంది రాశారు, దారిన పోయే ఇతర ఆటగాళ్లు ఆగి చదివారు. నగర భవనం ముందున్న అట్లాస్ విగ్రహం కింద వేషాల పోటీలు జరిగేవి. మన జాతరల్లో పగటివేషగాళ్ల చుట్టూ చేరే గుంపు గుర్తుకు రాక మానదు.

2007 నవంబరులో ఎన్‌సీసాఫ్ట్ ఈ ఆట హక్కులను క్రిప్టిక్ నుండి కొనుక్కుంది. పాత బృందంలో ఎక్కువమంది కొత్త యజమాని వద్దకే వచ్చారు. ఆ స్టూడియో తరువాత పారగాన్ స్టూడియోస్ అయింది. అమ్మకం అంటే పతనమనే సూత్రం ఇక్కడ పనిచేయదు. 2009 ఏప్రిల్‌లో వచ్చిన 'మిషన్ ఆర్కిటెక్ట్' ఆటగాళ్లే కథలు, సంభాషణలు, ప్రతినాయకులను రాసి ఇతరులకు ఆడటానికి ప్రచురించే సదుపాయం. చదివినవారు తారలతో విలువ కట్టేవారు, అభిప్రాయం రాసేవారు. ఆటగాణ్ణి పాఠకుని స్థానం నుండి రచయిత స్థానానికి అధికారికంగా తీసుకువచ్చిన ఈ ఏర్పాటు అమ్మకం తరువాతే వచ్చింది. 2010లో 'గోయింగ్ రోగ్' అనే విస్తరణ వచ్చింది. కొత్త యజమాని మొదటి కొన్నేళ్లు మంచి పోషకుడే.

2012 ఆగస్టు 31న పారగాన్ స్టూడియోస్‌ను మూసివేస్తున్నట్లు అదే యజమాని ప్రకటించాడు. సంస్థ దృష్టిని పునర్వ్యవస్థీకరించడం అన్న తరహా కారణం చెప్పారు. సెప్టెంబరు 8న ఆటగాళ్లు అట్లాస్ విగ్రహం వద్ద తమ పాత్రలతో కాగడాలు పట్టుకొని నిలిచారు. వేల సంతకాల వినతిపత్రం వెళ్లింది. నవంబరు 30న సర్వర్లు ఆగిపోయాయి. కలం చేతికిచ్చినవాడే కాగితం లాక్కున్నాడు. యజమాని దుర్మార్గుడైనందువల్ల ఇది జరగలేదు. అన్ని కథలకూ ఒకే కాగితం ఉండటం, అది అతని ఇంట్లోనే ఉండటం వల్ల జరిగింది.

ఈ కథ అక్కడితో ముగియలేదు. ఆటను రహస్యంగా నడుపుతున్న ఒక ప్రైవేటు సర్వర్ ఏళ్ల తరబడి ఉందని 2019 ఏప్రిల్‌లో బయటపడింది. వెంటనే దాని సోర్స్ కోడ్ బహిరంగమైంది, 'హోమ్‌కమింగ్' వంటి సర్వర్లు వెలిశాయి. దాచినవారు ఇంతకాలం కొద్దిమందికే పరిమితం చేశారన్న కోపం ఆటగాళ్లలో పెల్లుబికింది. గ్రంథాన్ని పెట్టెలో పెట్టి ఎవరికీ చూపని కుటుంబాలతో వేగిన మన పరిష్కర్తలకు ఆ కోపం అర్థమవుతుంది. కాని ఆ పెట్టె లేకపోతే చూపడానికే ఏమీ ఉండేది కాదు. 2024 జనవరిలో ఎన్‌సీసాఫ్ట్ హోమ్‌కమింగ్‌కు అధికారికంగా లైసెన్సు ఇచ్చింది.

సాహిత్య విద్యార్థి గమనించవలసినది తిరిగి వచ్చినదేది, రానిదేది అన్న విషయం. సర్వర్ మళ్లీ తెరుచుకున్నా ఆటగాళ్లు తమ పాత్రలను మొదటి నుండి పెంచుకోవలసి వచ్చింది. అయితే వేషధారణను ఆటగాడు తన సొంత కంప్యూటర్‌లో దస్త్రంగా భద్రపరచుకొనే వీలు పాత ఆటలోనే ఉండేది. మిషన్ ఆర్కిటెక్ట్ కథలకూ అటువంటి స్థానిక దస్త్రం ఉండేది. ఆ దస్త్రాన్ని దాచుకున్న రచయిత ఏడేళ్ల తరువాత తన కథను మళ్లీ ప్రచురించగలిగాడు. ఆ కథకు పాఠకులు ఇచ్చిన తారలు, రాసిన అభిప్రాయాలు మాత్రం రాలేదు. అవి యజమాని సర్వర్‌లోనే ఉండేవి. కృతి నిలిచిందా లేదా అన్నది యజమాని మంచితనాన్ని బట్టి గాక, ప్రతి ఎవరి వద్ద ఉందన్నదాన్ని బట్టి నిర్ణయమైంది.

కృతిభర్తకూ యజమానికీ భేదం

కృతిని రాజులకు అమ్ముకోవడంపై నిరసన తెలుగువారికి పోతన పేరుతోనే పరిచయం. అంకితమిచ్చినా, ఇవ్వకపోయినా తెలుగు కావ్యం విషయంలో ఒక సంగతి మారలేదు. కృతిభర్తకు దక్కేది కీర్తి, ఆశ్వాసాంత పద్యాల్లో సంబోధన. కావ్యాన్ని ఎత్తి రాసుకోకుండా ఆపే శక్తి అతనికి దక్కలేదు. శృంగారనైషధాన్ని అంకితం పుచ్చుకున్న మామిడి సింగనను నేటి పాఠకుడు ఆ కావ్యం ద్వారానే ఎరుగును. కృతి భర్త మీద ఆధారపడలేదు. భర్త పేరే కృతి మీద ఆధారపడింది. ఆటల లోకంలో ఈ సంబంధం తలకిందులైంది.

యాజమాన్య మార్పిడికి తంజావూరు మరింత దగ్గరి పోలిక. పదిహేడో శతాబ్ది చివరి పాదంలో నాయక రాజుల పాలన పోయి మరాఠా భోసలేల పాలన వచ్చింది. కొత్త ప్రభువుల మాతృభాష తెలుగు కాదు. ఆనాటి ఆస్థాన కవులకు భవిష్యత్తుపై బెంగ కలిగి ఉంటే అది సహేతుకమే. జరిగినది వేరు: శాహజీ స్వయంగా తెలుగు యక్షగానాలు రచించాడు, ఆస్థానంలో తెలుగు రచన కొనసాగింది, ప్రతులు సరస్వతీ మహల్ గ్రంథాలయంలో నిలిచాయి. పరభాషీయుడైన యజమాని శత్రువే కానక్కరలేదనడానికి ఇది చాలు. కాని ఒకవేళ శాహజీకి తెలుగు అంటే గిట్టకపోయినా విజయవిలాసం నశించేది కాదు, దాని ప్రతులు తంజావూరు కోట దాటి చాలా దూరం వెళ్లాయి గనుక. అదే ఆస్థాన సంప్రదాయానికి చెందిన ముద్దుపళని రాధికాసాంత్వనం బ్రిటిషు వారి నిషేధాన్ని కూడా తట్టుకొని నిలవడానికి కారణం అదే.

ఈ పోలికకు హద్దు ఉంది. యక్షగాన ప్రతి మిగిలింది గాని ఆనాటి ప్రదర్శన మిగలలేదు. విజయరాఘవుని కొలువులో ఆ రగడను ఏ అడుగుతో ఆడారో, ఎక్కడ సభ నవ్విందో ప్రతి చెప్పదు. అలాగే 'ఈవ్' కోడ్ రేపు బహిరంగమైనా 2014 నాటి ఆ 21 గంటల యుద్ధం అందులో ఉండదు. ప్రతి వ్యాకరణాన్ని కాపాడగలదు. ఘటనను కాపాడేందుకు సాక్షి కావాలి. 'ఈవ్' యుద్ధాల చరిత్రను 'ఎంపైర్స్ ఆఫ్ ఈవ్' పేరుతో గ్రంథస్థం చేసిన ఆండ్రూ గ్రోయెన్ అటువంటి సాక్షి. రేక్యావిక్ రేవు వద్ద 2014లో నెలకొల్పిన శిలాస్మారకంపై అప్పటి ఆటగాళ్ల పేర్లు చెక్కి ఉన్నాయి. పేర్లే గాని వారి పనులు కావు. ఆటగాళ్ల భయంలో ఈ రెండు నష్టాలూ కలగలిసి ఉన్నాయి. మొదటిదానికి చట్టం, సాంకేతికత పరిష్కారం చూపగలవు. రెండోదానికి చరిత్రకారుడు కావాలి. ఆ పనికి అమ్మకపు వార్త దాకా ఆగనక్కరలేదు.

తెలుగు ప్రాంతాల్లో ఈ తరహా అనుభవానికి బాగా తెలిసిన ఉదాహరణ పబ్జీ మొబైల్. 2020 సెప్టెంబరులో భారత ప్రభుత్వం దాన్ని నిషేధించింది. 2021 జూలైలో వేరే పేరుతో, వేరే ప్రచురణ ఏర్పాటుతో ఆట తిరిగి వచ్చింది. పాత ఖాతాల సమాచారాన్ని కొత్త ఆటలోకి మార్చుకొనే వీలు కొంతకాలం కల్పించారు. అక్కడ ఆటగాడు రాసుకున్న కథ దాదాపు లేదు. కొన్న దుస్తులు, గెలిచిన హోదాలు తరలించుకుంటే ఇంచుమించు సరిపోయింది.

సాహిత్యశాఖలకు ఇంతకంటె దగ్గరి ఉదాహరణ యాహూ గ్రూపులది. 'రచ్చబండ' వంటి గుంపుల్లో ఛందస్సు, భాషాచరిత్ర, కొత్త పుస్తకాలపై విదేశాంధ్రులు, స్వదేశంలోని పండితులు కలిసి ఏళ్ల తరబడి చర్చలు సాగించారు. 2017లో యాహూ వ్యాపారాన్ని వెరైజన్ సంస్థ కొనుక్కుంది. 2019 అక్టోబరులో గుంపుల్లోని పాత సమాచారాన్ని తొలగిస్తామన్న ప్రకటన వచ్చింది. 2020 డిసెంబరులో ఆ సేవే ఆగిపోయింది. అయితే ఆ చర్చలు ఈమెయిలు రూపంలో సభ్యులకు చేరే ఏర్పాటు మొదటి నుండీ ఉంది. అందువల్ల యజమాని సర్వర్ నుండి పోయిన సందేశం ఎక్కడో ఒక సభ్యుని పాత ఉత్తరాల పెట్టెలో ఉండే అవకాశం మిగిలింది. ఆ పెట్టెలు ఇప్పుడు ఎవరి వద్ద ఉన్నాయో వాకబు చేయడం, అనుమతితో ప్రతి తీసుకోవడం, పాఠాలను పోల్చి చూడటం తాళపత్రాల సేకరణలో ఆరితేరిన మన శాఖలకు తెలియని పని కాదు. సభ్యులలో చాలామంది పెద్ద వయసువారు.